మూడు ముద్దలు, ఒక కొబ్బరిచెట్టు

అనగనగా ఒక రాజు. ఏ ఊరు, ఏ కాలం అంటూ మధ్యలో అడ్డు తగిలారంటే కథ అక్కడే ఆపేస్తాను, ముందే చెబుతున్నాను. అందరూ కంచాల ముందు కూచున్నారా? సరే, వినండి.

గజ్జెలకోటని సోమకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. మూడోవాడు పుట్టిన ఏడే రాణి పోయింది. చిన్నప్పుడు రాజుని ఎత్తుకుని పెంచిన దాది నూకాలవ్వే ఆ ముగ్గురు పిల్లల్నీ పెంచింది. ముసలితనంలో అవ్వకి రెండు కళ్ళూ పోయాయి. అయినా కర్ర తాటించుకుంటూ కోటంతా తిరిగేది. ఏ గుమ్మం ఎక్కడుందో ఆవిడకి తెలిసినట్టు కళ్ళున్నవాళ్ళకి కూడా తెలీదు.

ఒకనాడు కంటకుడనే మాంత్రికుడు చిన్న వెండి భరిణె పట్టుకుని కొలువుకి వచ్చాడు.

"మహారాజా, ఇది మామూలు కాటుక కాదు. కంటికి పెట్టుకుంటే ఎదుటివాడి మనసులో ఉన్న కుళ్ళంతా కనిపిస్తుంది" అన్నాడు.

రాజుకి ఆశ పుట్టింది. ఎదుటివాడి మనసులో ఏముందో చూడాలని ఎవరికుండదర్రా? నిన్న బెల్లం డబ్బా ఖాళీ చేసిందెవరో నాకు మాత్రం చూడాలని లేదా? రాజు తను పెట్టుకున్నాడు, ముగ్గురు కొడుకులకీ పెట్టించాడు. మిగతా వాళ్ళు రాజుగారిని చూసి తామూ పెట్టుకున్నారు. నూకాలవ్వకి మాత్రం ఎవరూ పెట్టలేదు. గుడ్డిదానికి కాటుకెందుకని నవ్వారు.

ఇంక చూడండి ఆ కోట సంబరం! మంత్రి తినాలంటే ముందు వంటవాడు రుచి చూడాలి. వంటవాడు చూడాలంటే ముందు వాడి పెళ్ళాం చూడాలి. ఆవిడ చూడాలంటే ముందు పిల్లి చూడాలి. ఊళ్ళో మనుషులంతా చిక్కిపోయారు, పిల్లులు మాత్రం బలిశాయి. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వాడంటారు. నవ్వకపోతే లోపల ఏం పెట్టుకున్నాడంటారు.

రాజు సంగతి మరీ ఘోరం. అన్నంలో విషం, పాలలో విషం, మంచినీళ్ళలో విషం! ఎవరి చేతిదీ ముట్టడు. పెరట్లో ఒక్కటే కొబ్బరిచెట్టు ఉంది. పాతికేళ్ళ కిందట ఆయన తన చేత్తో నాటిన చెట్టు. "ఇదొక్కటే నాది. దీన్ని నేనే నాటాను, ఇది నన్ను మోసం చెయ్యదు" అని రోజుకి ఒక కాయ తనే కోసుకుని, తనే కొట్టుకుని తాగి, ఆ లేత కొబ్బరి తిని బతుకుతున్నాడు. ఒక పొద్దున నూకాలవ్వ చెంబుతో ఆ చెట్టు దగ్గరికి వస్తుంటే చూసి, "చెంబులో ఏముంది? నా చెట్టుకి ఏం పోస్తున్నావు? ఇంకోసారి పెరట్లో అడుగుపెట్టావో, ఏమవుతుందో చూడు!" అని కర్ర లాగి పారేశాడు. తల్లిలాంటిదాన్నండీ! అవ్వ గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది. ఎందుకో గాని ఆ వారం నుంచి చెట్టుకి కొత్త పిందె నిలవలేదు. అన్నీ రాలిపోయాయి. ఉన్న కాయలు నలభై. అవి అయిపోతే రాజు పనీ అయిపోయినట్టే.

చిన్నకొడుకు మణికేతుడు తండ్రి ఎముకల గూడైపోవడం చూసి తట్టుకోలేకపోయాడు. కళ్ళకి కాటుకున్నా కడుపులో ప్రేమ ఎక్కడికి పోతుంది? అప్పుడు నూకాలవ్వ అతన్ని పిలిచింది.

"నాయనా, ఆ కంటకుడు వెళ్ళిపోయేటప్పుడు నేను వసారా మూల కూచుని ఉన్నాను. గుడ్డిది కదా అని నన్ను మనిషి కింద జమకట్టలేదు. తనలో తను నవ్వుకుంటూ అన్నాడు: 'ఈ రాజు తిండి మాని చస్తాడు, కోట నాదవుతుంది. నేను బతికున్నంతకాలం ఈ కాటుక తుడిచినా తెల్లారేసరికి మళ్ళీ ఊరుతుంది. నా ప్రాణమా, ఏడు సముద్రాల అవతల చిలకలో భద్రం' అని. అన్నలిద్దరికీ చెప్పాను. వెళ్ళారు, వచ్చారు."

అవును, వెళ్ళి వచ్చారు. పెద్దవాడు పడవెక్కి, దీనికి చిల్లు పెట్టి ఉంచారేమోనని కత్తితో అడుగున పొడిచి చూశాడు. చిల్లు పడింది. ఈదుకుంటూ వచ్చాడు. నడిమివాడు గుర్రం తనని ఎక్కడ పడేస్తుందోనని మూడు రోజులు నిద్రపోకుండా కళ్ళెం పట్టుకు కూచున్నాడు. నాలుగో రోజు కునుకు పట్టి తనే పడ్డాడు. ఇప్పుడు ఒకణ్ణి ఒకడు అనుమానించుకుంటూ చెరో గదిలో గడియ వేసుకుని కూచున్నారు.

మణికేతుడికీ అనుమానమే. "అవ్వా, ఇదంతా నాకెందుకు చెబుతున్నావు? నన్ను కోటలోంచి పంపించేద్దామనా?"

"అనుమానం పెట్టుకునే వెళ్ళు నాయనా, నేను వద్దనను. ఇదిగో, అటుకుల మూట. చిన్నప్పుడు నేను నేర్పిన అలవాటు మాత్రం మానకు. రోజూ తినబోయే ముందు మూడు ముద్దలు తీసి పక్కన పెట్టు. ఆ రోజు నీకు మేలు చేసినవాళ్ళు ముగ్గురి పేర్లు చెప్పు. ఒక ముద్ద నేలకి, ఒకటి నీటికి, ఒకటి గాలికి. మూడు పేర్లూ దొరికేదాకా నువ్వు తినకూడదు. నా మీద ఒట్టు."

మణికేతుడు మూట తీసుకున్నాడు. ఊరు దాటగానే ముందు గుర్రానికి పెట్టి చూశాడు. గుర్రం చావలేదు, ఇంకా పెట్టమంది.

సాయంత్రం ఒక వాగు గట్టున కూచుని అటుకులు తడిపి మూడు ముద్దలు చేశాడు. పేర్లు చెప్పాలి. ఎవరి పేరు చెబుతాడు, లోకంలో అందరూ దొంగలే అయితే? కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి. చివరికి సణుక్కుంటూ అన్నాడు: "గుర్రం. ఇవాళ్టికి నన్ను పడెయ్యలేదు. రేపటి సంగతి తెలీదు. వాగు. నీళ్ళు తియ్యగానే ఉన్నాయి, అదే నాకు అనుమానంగా ఉంది. మూడోది... మూడోది... ఈ చెప్పులు కుట్టినవాడు. ఇంత దూరం వచ్చినా తెగలేదు. వాడి పుణ్యమా అని కాలికి ముల్లు గుచ్చుకోలేదు."

ఆ మూడో మాట అనేసరికి గుండెల మీంచి చిన్న రాయి దించినట్టయింది. ఒక ముద్ద చీమలు తిన్నాయి, ఒకటి చేపలు తిన్నాయి, ఒకటి కాకి ఎత్తుకుపోయింది. అతనికి ఒళ్ళెరగని నిద్ర పట్టింది. తెల్లారి లేచి, ఇంత నిద్ర ఎందుకు పట్టిందబ్బా, అటుకుల్లో మత్తుమందు గాని కలిపిందా అని మళ్ళీ అనుమానపడ్డాడు. కాటుక తెల్లారేసరికి ఊరుతుందని చెప్పానుగా!

అలా నాలుగు రోజులు ప్రయాణం చేసి సముద్రం చేరాడు. గుర్రాన్ని ఒడ్డున వదిలి, మూడు ముద్దలు పెట్టి, మూడు పేర్లు చెప్పాడో లేదో నీళ్ళు చీల్చుకుంటూ కొండంత చేప పైకి లేచింది.

"ఎక్కు" అంది.

"ఎందుకు ఎక్కాలి?"

"అవతలి ఒడ్డుకి వెళ్ళాలి కదా?"

"నీకెవరు చెప్పారు? నిన్నెవరు పంపారు?"

"వాగులో ముద్ద తిన్న చేపపిల్లలు మా మునిమనవలు. తిన్న ముద్దకి ఒక మోత. ఎక్కుతావా, నన్ను పొమ్మంటావా?"

ఎక్కాడు. ఎక్కి, కత్తి దూసి దాని వీపుకి ఆనించి పట్టుకున్నాడు, మునిగిందంటే పొడిచెయ్యడానికి. చేప ఈదుతూనే ఉంది. మొదటి సముద్రం దాటింది, రెండోది దాటింది, మూడోది దాటింది. నాలుగో సముద్రంలో పెద్ద వల ఒకటి దాని రెక్కకి చుట్టుకుపోయి, చేప గిలగిల కొట్టుకుంది. ఇది నటనేమో, నన్ను దింపడానికి ఎత్తేమో అనుకున్నాడు మణికేతుడు. అయినా మూడు సముద్రాల మోత కళ్ళ ముందు ఉంది. నీళ్ళలోకి దిగి అదే కత్తితో వల కోశాడు. కత్తి చేతిలోంచి జారి అడుక్కి పోయింది. మిగతా మూడు సముద్రాలూ చేతులు ఒట్టివే. ఆ చేతులతో చేప వీపు నిమురుతూ కూచున్నాడు, కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

ఏడో సముద్రం అవతల నల్లరాతి దీవి. దీవి మధ్య మేడ. మేడ మెట్ల మీద ఒక అమ్మాయి విస్తట్లో అన్నం పెట్టుకుని కూచుని ఉంది. అతన్ని చూసి దిగ్గున లేచింది.

"ఎవరు నువ్వు? కంటకుడివేనా? వేషం మార్చి నన్ను పరీక్షించడానికి వచ్చావా?"

"నేను రాజకుమారుణ్ణి. నువ్వెవరు? ఆ మాంత్రికుడు పెట్టిన ఉచ్చు కాదని ఏమిటి నమ్మకం?"

"నా పేరు కువలయ. పువ్వుల తోటలోంచి ఎత్తుకొచ్చి వంట చేయిస్తున్నాడు. ఆకలేస్తే ఈ అన్నం తిను."

"ముందు నువ్వు తిను."

"నేను తింటుంటే ఈలోగా నువ్వు మేడలోకి దూరతావు. ముందు నువ్వే తిను."

ఇలా పొద్దు వాలేదాకా వాదించుకున్నారు. అన్నం చల్లారిపోయింది. ఆఖరికి ఒకే విస్తట్లో, ఆమె ఒక ముద్ద, అతను ఒక ముద్ద, ఒకరి నోటివంక ఒకరు చూసుకుంటూ తిందామని ఒప్పందం కుదిరింది. పెళ్ళిలో బువ్వంబంతి అంటే అంతే కదా, పాపం వాళ్ళకి తెలీదు. తినబోయే ముందు మణికేతుడు మూడు ముద్దలు తీసి పక్కన పెట్టడం చూసి, ఏమిటని అడిగింది. చెప్పాడు. చేప పేరు చెప్పాడు, అటుకులిచ్చిన అవ్వ పేరు చెప్పాడు, మూడోది, "అన్నం పెట్టిన కువలయ" అన్నాడు.

కువలయ చేతిలో ముద్ద దించేసింది. "ఇన్నేళ్ళుగా వండుతున్నాను. వండినదాని పేరు ఒక్కరు చెప్పలేదు" అంది. తర్వాత, "నీ కళ్ళలో కాటుక ఇందాకటి కన్నా పలచబడింది" అంది. ఆపైన రహస్యం చెప్పేసింది. మేడ మీద గదిలో వంద పంజరాలు, వంద చిలకలు ఉన్నాయి. అందులో తొంభైతొమ్మిది మాయవి. మాయచిలకను ముట్టినవాడు రాయవుతాడు. కంటకుడు ఊరి మీద పడ్డాడు, రేపు సాయంత్రానికి వస్తాడు.

మర్నాడు ఇద్దరూ మెట్లెక్కి చూస్తే వందా ఒకేలా ఉన్నాయి! వందా ఒకేలా అరుస్తున్నాయి. మణికేతుడు ఒక్కోదాన్నీ అనుమానంగా చూస్తూ సాయంత్రం చేశాడు. అప్పుడు అటుకుల మూటలోంచి చీమలు బారు కట్టి దిగాయి.

"వాగు గట్టున నీ ముద్ద తిన్నవాళ్ళం. తియ్యగా ఉందని మూటలోనే ఉండిపోయాం. మాయచిలక తినదు, దాని కింద గింజపొట్టు రాలదు. రాలితే మాకు తెలీకుండా ఉంటుందా?" అంటూ వరసగా నడిచి నలభైమూడో పంజరం కింద ఆగాయి. అక్కడ ఎప్పటిదో ఎండిన పొట్టు రెండు పలుకులు ఉంది.

మణికేతుడు తలుపు తీసి చిలకని పట్టుకున్నాడు. బక్కచిక్కిన చిలక, రెక్కల మీద ఈకలు కూడా సరిగ్గా లేవు. మెడ మీద వేళ్ళు పెట్టాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో కంటకుడు!

వాడు దగ్గరికి రాలేదు. రావలసిన పని లేదు. వాడి ఆయుధం నోట్లోనే ఉంది.

"నులుము, రాజకుమారా, నులుము. దాన్ని చంపినవాడూ దానితోపాటే చస్తాడు. మీ దాది ఆ సంగతి చెప్పలేదా? ఎందుకు చెప్పలేదో ఆలోచించు. కోటలోంచి పంపించింది ఎవరు? ఆ పిల్ల నిన్న నీకు పెట్టిన అన్నంలో ఏముందో అడుగు. నీ కడుపులో మంటగా లేదూ? ఆ చేప తిరుగు ప్రయాణానికి ఉంటుందనుకున్నావా?"

ఒక్కో మాటకీ మణికేతుడి కళ్ళలో కాటుక చిక్కబడింది. కువలయ మొహం పాములా కనిపించింది. కడుపులో నిజంగానే మంట పుట్టింది. చిలకని నులిమితే చావు, వదిలితే తండ్రి చావు. ఎవర్ని నమ్మాలి?

మేడ కిటికీలోంచి పొద్దు వాలుతోంది. రోజూ ముద్దలు తీసే వేళ. ఎన్ని రోజుల అలవాటో, చెయ్యి దానంతటదే మూటలోకి పోయింది. గుప్పెడు అటుకులు మిగిలాయి. మూడు చిన్న ముద్దలు చేశాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు కంటకుడు. వాడి గొంతులో మొదటిసారి అనుమానం తొంగి చూసింది.

"ఇవాళ నాకు దారి చూపిన చీమలకి ఒకటి. వీడి మాట విని కూడా పారిపోకుండా నా పక్కనే నిలబడ్డ కువలయకి ఒకటి." మూడో ముద్ద చేతిలో ఉంది. చిలకవంక చూశాడు. "చిలకా, నిన్ను చంపాలని మెడ పట్టుకున్నాను. నువ్వు నా వేలు కొరకొచ్చు, కొరకలేదు. నీ పుణ్యమా అని నా వేలు మిగిలింది. ఇది నీది."

చిలక ముద్దవంక చూసింది, అతనివంక చూసింది.

"మూడువందల ఏళ్ళు వాడి ప్రాణం నా కడుపులో మోశాను" అంది. "నీ పుణ్యమా అని బతుకుతున్నానే అని వాడు ఒక్కనాడు అనలేదు. గింజలు వెయ్యడం కూడా మరిచిపోతాడు."

చిలక ముద్ద తింది. తిని, గొంతులోంచి నల్లటి గింజ ఒకటి నేల మీద కక్కింది. కంటకుడు కేక పెట్టి ముందుకి దూకాడు గాని చీమలు ఊరుకుంటాయా? గింజని పట్టి పిండి పిండి చేశాయి. వాడు గుమ్మంలోనే బూడిద కుప్పై కూలాడు. మణికేతుడు చిలకని గుండెలకి హత్తుకుని భోరున ఏడ్చాడు. కన్నీళ్ళతో నల్లగా కారి కారి కాటుక మొత్తం పోయింది. తెల్లారినా మళ్ళీ ఊరలేదు.

చేప ఉందా? ఉండకేం, ఒడ్డునే ఉంది. కువలయ, చిలక, మణికేతుడు ఎక్కారు. ఏడు సముద్రాలూ దాటి ఒడ్డు చేరేసరికి వాగు గట్టున ముద్ద తిన్న కాకి ఎగురుకుంటూ వచ్చింది.

"తొందరగా పదండి! కాయ మీద ఉడుత పంటిగాటు చూసి విషం ఎక్కించారని మీ నాన్న మిగిలిన కాయలన్నీ పాడుబావిలో పారేశాడు. రెండు రోజులుగా ఏమీ తినలేదు."

గుర్రం కూడా అక్కడే గడ్డి మేస్తూ ఉంది. ఆగకుండా వచ్చారు. కోటకి చేరేసరికి రాజు కొబ్బరిచెట్టు మొదట్లో కత్తి పట్టుకుని కూచుని ఉన్నాడు. కూచోవడం ఏమిటి, చెట్టుకి జారగిలబడ్డాడు. మాంత్రికుడు చచ్చినా, పట్టిన కాటుక కంట్లోనే ఉంది.

"దగ్గరికి రాకు! విషం తెచ్చావు, నాకు కనిపిస్తోంది" అన్నాడు.

మణికేతుడు వాదించలేదు. కాదని వాదిస్తే అనుమానం తగ్గుతుందా ఎక్కడైనా? ఆకు వేసుకుని తండ్రికి ఎదురుగా కూచుని, కువలయ తెచ్చిన అన్నం కలిపి మూడు ముద్దలు తీశాడు.

"నాకు అయిదేళ్ళప్పుడు అమ్మవారు పోస్తే, అంటుకుంటుందని అందరూ చెప్పినా వినకుండా నన్ను ఒళ్ళో పెట్టుకుని వేపమండతో విసిరిన నాన్నగారికి ఒక ముద్ద. నాన్నగారిని నేను వచ్చేదాకా బతికించిన ఈ కొబ్బరిచెట్టుకి ఒకటి."

"చెట్టు నాది. నేనే నాటాను" అన్నాడు రాజు నీరసంగా.

"మీరే నాటారు నాన్నగారూ. మరి పాతికేళ్ళు నీళ్ళు పోసిందెవరు?"

రాజు కత్తి పిడి బిగించాడు.

"మీరు పోశారా? తోటమాలి పోశాడా? నాకూ తెలీదు. సముద్రం మీద ఒకనాడు మూడో పేరు దొరక్క వెతుకుతుంటే జ్ఞాపకం వచ్చింది. చిన్నప్పటి నుంచీ పొద్దున్నే అవ్వ పాదాలకి తడిమట్టి ఉండేది. ఆవిడ్ని మీరు పెరట్లోంచి తరిమిన వారం నుంచే పిందెలు రాలాయి. చెంబులో ఏముందని అడిగారు కదా? నీళ్ళు నాన్నగారూ, ఉత్త నీళ్ళు. మూడో ముద్ద నూకాలవ్వకి."

రాజు తల ఎత్తి చెట్టుని చూశాడు. మొదట్లో పాదుని చూశాడు. పాతికేళ్ళలో ఒక్కసారి కూడా దీనికి నీళ్ళెవరు పోస్తున్నారని తను అడగలేదు. తను నమ్మిన ఒక్క కాయా ఎవరిని తరిమేశాడో ఆవిడ చేతి కాయే! కత్తి జారిపోయింది. అంత రాజూ పసిపిల్లాడిలా ఏడ్చాడు. కాటుక గడ్డం మీదుగా కారి నేల మీద పడి ఇంకిపోయింది.

"అవ్వా!" అని పిలిచాడు. "అవ్వా, ఆకలేస్తోందే. నీ చేత్తో ఒక ముద్ద పెట్టవూ?"

నూకాలవ్వ కర్ర తాటించుకుంటూ రానే వచ్చింది. చెట్టు దగ్గర తడుముకుని కూలబడింది. మూడో ముద్ద చేతిలోకి తీసుకుని, రెండో చేత్తో రాజు మొహం తడుముతూ, "నీ నోరెక్కడ నాయనా?" అంది. ఆయన నోరు తెరిచాడు. ముందు ఎవరూ రుచి చూడలేదు.

తర్వాతేముంది! మణికేతుడికీ కువలయకీ పెళ్ళయింది. ఈసారి నిజం బువ్వంబంతి. చిలక ముత్తైదువల మధ్య కూచుని పేరంటం పాటలు పాడింది. ఊళ్ళోవాళ్ళూ రోజూ మూడు ముద్దలు తీయడం మొదలుపెట్టారు. అందరి కాటుకా ఒక్కనాడు పోలేదు సుమా. నడిమివాడికి నెల పట్టింది. పెద్దవాడికి ఆరు నెలలు పట్టింది, అయినా పడవెక్కితే అడుగు తట్టి చూడటం మానలేదు. సోమకేతుడి తర్వాత మణికేతుడు, కువలయ చాలాకాలం ఏలారు. రాణిగారు పొద్దున్నే చెంబు పట్టుకుని పెరట్లోకి వెళుతుంటే, వెనకే ఇంకో చెంబుతో రాజుగారు వెళ్ళేవారు.

అదీ కథ. వాళ్ళు అక్కడ చల్లగా ఉన్నారు, మనం ఇక్కడ అన్నం చల్లారబెట్టుకుని ఉన్నాం. కానివ్వండి, మూడేసి ముద్దలు తియ్యండి. పేర్లు చెప్పండి. ఒరేయ్ బెల్లం దొంగా, నావంక అలా చూస్తావేం? నా పేరు చెప్పమని నేనడగలేదు. చెబితే మాత్రం ఇంకో గరిటె నెయ్యి వేస్తాను.